గడ్డం పట్టీకి దబ్బనం కుట్టు

18 సెప్టెంబర్ 2011, ఆదివారం

అన్నా బలరాం,

నువ్వు ఫోను పెట్టేసిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. అందుకే క్షేమ సమాచారాలు అడగడం లేదు. క్షేమంగానే ఉన్నావు, లేకపోతే అంత గట్టిగా తిట్టలేవు.

చెల్పూరు ప్లాంటులో కాంట్రాక్టు పని బందు పెట్టి, ఆరు రోజులుగా భూపాలపల్లి సమ్మె టెంటులో కూర్చున్నావు. మంచిదే. కానీ నన్నేమన్నావు? “మేమందరం రోడ్డు మీదున్నం. నువ్వేమో పైలట్ల టోపీలు తుడుసుకుంట కూసున్నవ్. తెలంగాణ ఒద్దా నీకు? ఇడిసిపెట్టి రా.” అక్కడితో ఆగినా పోయేది. పిరికోడివన్నావు. నేను జవాబు చెప్పేలోపు లైను కట్ చేశావు. ఉత్తరమైతే మధ్యలో అరవలేవు కాబట్టి రాస్తున్నాను. శనివారం తండాకు పోయినప్పుడు దీన్ని నాయినకు చదివి వినిపించేదీ నువ్వే. నేను నిన్ను తిట్టే తిట్లన్నీ నీ నోటితోనే నాయిన వింటాడు. ఇప్పుడు తిడుతున్నాను, గట్టిగా చదువు: నువ్వు బుద్ధిలేనోడివి, చెవులున్నా వినవు.

నేను రాను. ఏడేళ్ల కింద వరంగల్ రోడ్డు మీద తెల్లవారుజామున పరుగెత్తి, మూడోసారికి గెలిచి తెచ్చుకున్న ఎయిర్‌ఫోర్స్ కొలువు ఇది. జెండా పట్టొద్దు, టెంటులో కూర్చోవద్దు అని మాకు రూలుంది. తెలంగాణ కావాలని మనసులో అనుకోవద్దని ఏ రూలూ లేదు. రోజూ అనుకుంటున్నాను, బూట్లకు లేసులు కట్టుకునేటప్పుడు కూడా.

ఇంకో మాట. అవి టోపీలు కావు. ప్లాంటులో నీకిచ్చిన పసుపు హెల్మెట్ మీద కూర్చుని నువ్వు బీడీ కాలుస్తావు, ఇంటికొచ్చేటప్పుడు అందులో టమాటలు పోసుకుని తెస్తావు. అందుకే నీకు అన్నీ టోపీల్లాగే కనిపిస్తాయి. ఇక్కడ నలభై హెల్మెట్లున్నాయి, ఒక్కోటి ఒక్కో పైలట్ తలకు సరిపోయేలా కూర్చినది. నెలకోసారి ప్రతి హెల్మెట్ నా బల్ల మీదికి వస్తుంది. రూపాయి బిళ్ళతో డొప్ప చుట్టూ కొట్టి వింటాను. గట్టిగా ఉన్నచోట టక్కున పలుకుతుంది, లోపల పొర విడిపోయినచోట మొద్దుగా పలుకుతుంది. కళ్ళ ముందుండే అద్దం మీద గీతలు చూస్తాను. లోపలి మెత్తలు విప్పి సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెడతాను. చెవుల దగ్గర మాట వినిపిస్తోందా, మాస్కు తగిలించే కొక్కేలు పట్టుకుంటున్నాయా చూస్తాను. ఆఖరుకు గడ్డం పట్టీ. విమానంలోంచి బయటపడాల్సి వస్తే ఎదురుగాలి పిడిగుద్దులు గుద్దుతుంది. అప్పుడు హెల్మెట్‌ను తలమీద ఆపేది ఆ పట్టీ ఒక్కటే. అన్నీ బాగుంటే కార్డు మీద సంతకం. బాగాలేకపోతే ఎర్ర ట్యాగు. ట్యాగు కట్టిన హెల్మెట్‌ను పెద్దాఫీసరు అడిగినా ఇవ్వకూడదు.

మా హెల్మెట్ల గదికి పెద్ద సార్జెంట్ జగపతి. గోదావరి జిల్లా మనిషి, పదహారేళ్ళ సర్వీసు. నేను నోరు తెరిస్తే చాలు, “మళ్ళీ చెప్పు, ఈసారి తెలుగులో” అంటాడు. నలుగురు నవ్వుతారు. రెండేళ్ళుగా ఇదే తంతు. ఒకరోజు ‘జర ఆగుండ్రి’ అన్నానని, వారమంతా నన్ను జర అనే పిలిచాడు. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే యాడికి తల్లి మనసు, బాధపడుతుంది, నువ్వు రైలెక్కి వచ్చి కొడతావు. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. నువ్వు నన్ను పిరికోడన్నప్పుడు కాలింది అక్కడే.

కానీ ఈ వారం ఊరుకోలేదు. జగపతి సెలవు మీద పోయేముందు ఒక హెల్మెట్‌కు ఎర్ర ట్యాగు కట్టిపోయాడు. గడ్డం పట్టీ కుట్లు వదులయ్యాయని రాశాడు. అది ఫ్లైయింగ్ ఆఫీసర్ మిథున్‌ది. ఆయన ఎవరనుకున్నావు? జఫర్‌గఢ్‌లో పెద్ద భూములున్న ఇంటి కొడుకు. కేసముద్రం మార్కెట్లో నాయిన మోసిన బస్తాల్లో వాళ్ళ వడ్లు కూడా ఉండే ఉంటాయి. అలాంటివాడు ఎవరూ లేని సమయం చూసి మన మాటలోనే నాతో మాట్లాడాడు. కొత్త పట్టీ డిపో నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందట. వేరే హెల్మెట్ తలకు కూర్చోదట. గురువారం ఆయనకు ఎగిరే పరీక్ష ఉంది, తప్పితే తోటివాళ్ళకంటే వెనకబడతాడు. “జగపతి కావాల్నని కట్టిండు తమ్మీ. మనమంటే పడది ఆయనకు. మనోడివి, నువ్వు జూడవా?” అన్నాడు.

ఏడేళ్ళలో ఆఫీసరు ఒకడు నన్ను మనోడు అనడం అదే మొదటిసారి. చూశాను, అన్నా. పట్టీ కుట్టకూడదు, మార్చాలి అన్నది మా రూలు. నేను కుట్టాను. ట్రైనింగుకు వచ్చేటప్పుడు సంచి చినిగితే కుట్టుకొమ్మని నాయిన ఇచ్చిన దబ్బనం పెట్టెలోంచి తీశాను. మా గదిలోని మైనపు నైలాను దారం ఎక్కించి, నాయిన మిరప బస్తాల మూతి కుట్టినట్టే వెనక్కి మళ్ళేసి ముడి బిగించి కుట్టాను. ఒక కుట్టు తెగినా పక్కది ఊడదు. ట్యాగు కత్తిరించి పారేశాను. కార్డు మీద ‘పట్టీ మార్చబడినది’ అని రాసి సంతకం పెట్టాను.

గురువారం మిథున్ సార్ ఎగిరి దిగాడు, పరీక్ష గెలిచాడు. నాయిన కుట్టు ఆయన గడ్డం కింద మబ్బుల్లో తిరిగొచ్చింది. నువ్వు టెంటులో చేసే సమ్మె నువ్వు చెయ్యి. నా సమ్మె ఇది. ఇప్పుడు చెప్పు, ఎవడు పిరికోడు?

నువ్వు పిరికోడన్న నీ తమ్ముడు,
ఉపేందర్


4 అక్టోబర్ 2011, మంగళవారం సాయంత్రం

అన్నా,

మధ్యాహ్నం నేను ఫోను ఎందుకు కట్ చేశానో నీకు తెలియదు. కోపంతో కాదు. అది చెప్పడానికే రాస్తున్నాను. ఈ ఉత్తరం మాత్రం ముందు నువ్వొక్కడివే చదువు.

రైళ్ళు బందై నా మొదటి ఉత్తరం ఏ స్టేషనులో పడుకుందో, బతుకమ్మ పండుగకు నువ్వు తండాకు పోయిన రోజే చేరింది. మాకు ఫోన్లు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి. తిండివేళకు తీసి చూస్తే నీ కాల్స్ ఆరున్నాయి. తిరిగి చేశాను. నువ్వు తిడతావని సిద్ధంగా ఉన్నాను. ఫోను నాయిన తీసుకున్నాడు. నాయిన ఫోను పట్టుకోవడమే అరుదు, అదేదో కరిచేటట్టు చెవికి దూరంగా పెట్టుకుంటాడు.

“దేంతోని కుట్టినవ్ రా?” అని అడిగాడు. బాగున్నావా అని కూడా అడగలేదు.

నువ్విచ్చిన దబ్బనంతోనే అని గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. వెనక ఆడవాళ్ళ బతుకమ్మ పాట వినిపించింది.

“దబ్బనం గోనెకే బిడ్డా,” అన్నాడు. “గోనె నూలు పక్కకు జరిగి తోవ ఇస్తది. దగ్గరగ నేసిన పట్టీ జరగది, తెగుతది. నువ్వు కుట్టలే. బొక్కలు పొడిసినవ్.”

అప్పుడు కట్ చేశాను. మార్కెట్లో ముప్పై ఏళ్ళు బస్తాలు కుట్టిన మనిషి చూడకుండానే కనిపెట్టింది, ఆ పట్టీని చేతిలో పెట్టుకుని నేను కనిపెట్టలేదు. దబ్బనం మొన ఎంత వెడల్పుంటుందో నీకు తెలుసు కదా. నైలాను పట్టీలో అది దిగిన ప్రతిచోటా పోగులు కోసుకుంటూ పోయింది. నేను ముడుల గట్టిదనం చూసి మురిశాను, ముడుల కింద ఏం మిగిలిందో చూడలేదు.

గదికి పరుగెత్తి గోడ మీది విమానాల పట్టిక చూస్తే ఆ గడియకు మిథున్ సార్ ఆకాశంలో ఉన్నాడు. దిగడానికి నలభై నిమిషాలు. ఆ పట్టీతో ఆయన ఎగరడం అది తొమ్మిదోసారి. కంట్రోలుకు చెప్పి దింపించమంటే ఏమని చెప్పాలి, మాట ఎక్కడ మొదలుపెట్టాలి అని గింజుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇది కూడా రాస్తున్నాను చూడు, దాచకుండా. నలభై నిమిషాలు ఎండలో రన్‌వే దిక్కు చూస్తూ నిలబడ్డాను. అంత భయం యాడి దవాఖానలో ఉన్ననాడు కూడా పడలేదు.

క్షేమంగా దిగాడు. నవ్వుకుంటూ వచ్చాడు. హెల్మెట్ అడిగి తీసుకుని పట్టీ తిప్పి చూశాను. నేను పొడిచిన బొక్కలు అయిదు. అందులో రెండు చినిగి కలిసిపోయాయి, మూడోది కలవబోతోంది. రెండు చేతులతో ఒక్క గుంజు గుంజితే పట్టీ సగానికి చినిగి నా చేతికొచ్చింది. మిథున్ సార్ మొహంలో రక్తం లేదు. కానీ తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. చుట్టూ చూసి మెల్లగా అన్నాడు, “కొత్త పట్టీ స్టోరుకొచ్చింది గద తమ్మీ. అదెయ్యి, అయిపాయె. కార్డు మీద ఎట్లనూ మార్చినట్టే ఉన్నది. ఎవలకు ఎర్కైతది?”

నిజమే, ఎవరికీ తెలియదు. నేను రాసిన అబద్ధాన్ని నిజం చేయడానికి పావుగంట పని. స్టోరు దాకా పోయాను కూడా. పట్టీ చేతికి తీసుకున్నాను. అప్పుడు కార్డుల పెట్టె కనిపించింది. నలభై కార్డుల మీదా ఎక్కడో ఒకచోట నా సంతకం ఉంది. పొద్దున్నే నలభై మంది ఆ సంతకాన్ని నమ్మి తల దూరుస్తారు. అందులో ఒకటి అబద్ధమని నాకు తెలుసు. తెలిసిన తర్వాత మిగతా ముప్పై తొమ్మిదికి నేను ఏ మొహంతో జవాబు చెప్పాలి?

కూర్చుని ఈ సంవత్సరం ఎర్ర ట్యాగుల పుస్తకం తిరగేశాను. జగపతి కట్టినవి ఎనిమిది. అందులో రెండు ఆయన జిల్లా ఆఫీసర్లవే. ఒకటి కమాండింగ్ ఆఫీసరుది. మనమంటే పడక కట్టాడని మిథున్ సార్ అన్నాడు, నేను ఒక్క పేజీ తిప్పకుండా నమ్మాను. ఎందుకు నమ్మాను? మనోడు అన్నాడని. ఆయన అలా అనకపోయి ఉంటే రూలు చూపించి పంపేవాణ్ణి.

అలాగని జగపతి దేవుడేం కాదు. నా మాటను ఎక్కిరించడం నిన్నా తప్పే, రేపూ తప్పే. ఆ లెక్క ఆయనకూ నాకూ వేరే ఉంది. కానీ పట్టీ విషయంలో ఆయనది ఒప్పు, నాది తప్పు. ఆ హెల్మెట్‌కు మళ్ళీ ఎర్ర ట్యాగు కట్టి వచ్చాను, ఈసారి నా చేత్తో. చినిగిన పట్టీ నా జేబులో ఉంది. జగపతి నిన్ననే సెలవు నుంచి వచ్చాడు. పొద్దున్నే ఆయన ముందు పెడతాను. మిథున్ సార్‌కు కూడా చెప్పాను. “నా పేరు తీసుకురాకు” అన్నాడు. కుట్టింది నేను, రాసింది నేను, నా పేరే చెబుతానన్నాను.

కొలువు పోవచ్చు. జైలు కూడా ఉంటుందంటారు. ఊళ్ళో సమ్మె నడుస్తుండగా తెలంగాణ వాడొకడు హెల్మెట్ పాడుచేశాడంటే ఏమంటారో నువ్వే ఊహించుకో. పోతే పోనీ. టెంటులో నీ పక్కన చాప మీద జాగా ఉంచు. కానీ తలదించుకుని మాత్రం రాను.

నీ తమ్ముడు,
ఉపేందర్


30 అక్టోబర్ 2011, ఆదివారం

నాయినా,

ఈ ఉత్తరం నీకే. అన్న చదువుతాడు, కానీ మధ్యలో ఆపి తన మాటలు కలపొద్దని చెప్పు.

నేను ఇంకా కొలువులోనే ఉన్నాను. ముందు అది విని ఊపిరి తీసుకో. యాడికి కూడా చెప్పు.

నీతో ఫోనులో మాట్లాడిన మర్నాడు పొద్దున జగపతి సార్ బల్ల మీద చినిగిన పట్టీ, దాని పక్కన నీ దబ్బనం పెట్టాను. “సార్, గీ పట్టీని నేను దబ్బనంతోని కుట్టిన. మార్చలే. మార్చినమని అబద్ధం రాసిన,” అన్నాను. ‘మళ్ళీ చెప్పు, తెలుగులో’ అంటాడని ఎదురుచూశాను. అనలేదు. పట్టీని వెలుతురుకు పెట్టి బొక్కలు చూశాడు, ఒకటికి రెండుసార్లు. తర్వాత లేచి గది తలుపు మూసి, నలభై హెల్మెట్లకూ తన చేత్తో ఎర్ర ట్యాగులు కట్టాడు. నా వల్ల రెండు రోజులు ఒక్క విమానం కూడా లేవలేదు. ఒక్కో హెల్మెట్ ఆయన కొట్టి వింటుంటే నేను పట్టుకుని కూర్చున్నాను. నేను సంతకం పెట్టిన మిగతావాటిలో ఒక్క లోపం కూడా దొరకలేదు. అది ఆయనే రాశాడు, నేను అడగలేదు.

తర్వాత విచారణ. ముగ్గురు ఆఫీసర్లు. పట్టీ గురించి అడిగింది తక్కువ, ఊరి గురించి అడిగింది ఎక్కువ. మీ అన్న ఏం చేస్తాడు, సమ్మెలో ఉన్నాడా, నీకు ఎవరైనా చెప్పి చేయించారా అని తిప్పి తిప్పి అడిగారు. మిథున్ సార్‌ను కూడా పిలిచారు. పట్టీ మార్చాడనే అనుకున్నానని చెప్పి పోయాడు. నా దిక్కు చూడలేదు. ఇప్పుడు ఎదురైతే ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ అంటాడు. చెప్పు నాయినా, తానే అడిగానని గింత చిన్న మాట ఒప్పుకోవడానికి అన్ని భూములున్నవాడికి ఏం అడ్డమొచ్చింది? నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది. కానీ ఆయన పేరు చెప్పనన్నాను, చెప్పలేదు.

ఆఖరుకు పెద్దాఫీసరు మెత్తగా ఒక దారి చూపించాడు. ఉద్యమంతో నాకు సంబంధం లేదని, అన్నతో మాటల్లేవని కాగితం రాసిస్తే చిన్న శిక్షతో పోతుందట. కాగితం, కలం నా ముందుకు తోశాడు. నాయినా, ఆ క్షణం నువ్వు మోసిన బస్తాలన్నీ గుర్తొచ్చాయి. రాసేస్తే ఏం పోతుందనిపించింది కూడా. కానీ ఒక అబద్ధం రాసినందుకే కదా అక్కడ నిలబడ్డాను. దాన్ని కడుక్కోవడానికి ఇంకో అబద్ధం రాయాలా?

కలం ముట్టుకోలేదు. హిందీలో చెప్పాను, నీకోసం మన మాటలో రాస్తున్నాను: “మా అన్న టెంటుల కూసున్నడు సార్. నాకు తెలంగాణ కావాలె. పట్టీ తప్పు నాది. ఈ రెంటినీ ఒక్క దారంతోని కుట్టకుండ్రి.”

పెద్దాఫీసరు కాగితం వెనక్కి లాక్కున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు సాక్షిగా పిలిచిన జగపతి సార్ లేచాడు. “కుట్ర కాదు సార్, పొగరు,” అన్నాడు. “కుట్ర చేసేవాడు తనే వచ్చి చెప్పడు. పొగరుకు వేసే శిక్ష వెయ్యండి, చాలు.” అలా నన్ను కాపాడాడో తిట్టాడో ఇప్పటికీ తెలియడం లేదు. రెండూ అయి ఉంటాయి.

శిక్ష చెబుతాను. పద్నాలుగు రోజులు గేటు దాటొద్దన్నారు, అది నిన్నటితో అయిపోయింది. ఈసారి రావలసిన ప్రమోషన్ పోయింది. ఆరు నెలలు నేను ఏ కార్డు మీదా సంతకం పెట్టకూడదు. మెత్తలు కడుగుతాను, ఆరబెడతాను, అద్దాలు తుడుస్తాను. సంతకం వేరేవాళ్ళు పెడతారు. ఏడుస్తానని అన్న అనుకుంటాడేమో, ఏడవడం లేదు. తప్పుకు తగ్గ శిక్షే. దానికంటే ఒక్క ఇంచు ఎక్కువ వేసి ఉంటే మాత్రం కొట్లాడేవాణ్ణి.

శిక్ష చెప్పిన రోజు జగపతి సార్ గదిలోకి వచ్చి, ఇకనైనా పని, మాట రెండూ సరిగ్గా దిద్దుకో అన్నాడు. మిగతావాళ్ళు నవ్వడానికి తయారుగా ఉన్నారు. రెండేళ్ళుగా బిగబట్టిన పళ్ళు అప్పుడు తెరిచాను, నాయినా.

“తప్పు దిద్దుకుంట సార్,” అన్నాను. “మాట దిద్దుకోను. అది మా యాడి నేర్పలే, ఆమెది లంబాడీ భాష. ఊరి బడిల, మార్కెట్ల, మా నాయిన పక్కన నిలబడి నేర్సుకున్న. దాంట్ల తప్పు లేదు.”

ఎవరూ నవ్వలేదు.  ఆయన బల్ల మీదున్న హెల్మెట్ నా దిక్కు తోసి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసిచ్చాడు. “కొట్టు. ఎక్కడ మొద్దుగా పలుకుతోందో చెప్పు, నేను రాసుకుంటా,” అన్నాడు. చెప్పాను. నా మాటలోనే చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఆరోజు నుంచి మళ్ళీ చెప్పమని అడగలేదు.

చినిగిన పట్టీని ఆయన గది గోడకు మేకు కొట్టి తగిలించాడు, కొత్తగా వచ్చినవాళ్ళు చూడటానికి. నీ దబ్బనం మాత్రం నాకు తిరిగిచ్చాడు. పెట్టెలోనే ఉంది. సంచి చినిగితేనే బయటికి తీస్తాను, ఒట్టు.

సమ్మె ఆగింది, అన్న పనిలోకి పోతున్నాడని విన్నాను. ఆగింది కానీ అయిపోలేదని నాకూ తెలుసు. ఒక్క మాట చెప్పు వాడికి. పసుపు హెల్మెట్ మీద కూర్చోవద్దు. దాంట్లో టమాటలు తేవద్దు. లోపలి పట్టీలు లాగి చూసుకోమను, రూపాయి బిళ్ళతో చుట్టూ కొట్టి వినమను. తెలంగాణ వచ్చిననాటికి వాడి తల నాకు క్షేమంగా కావాలి, దానితో నేను ఇంకా చాలా కొట్లాడాలి.

నాయినా, ఆ ఫోను నువ్వు తీసుకోకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. నీకు సంతకం రాదని మార్కెట్లో వేలిముద్ర వేయిస్తారు కదా, చిన్నప్పుడు అది చూసి సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు ఆ సిగ్గుకే సిగ్గుపడుతున్నాను. నువ్వు వేలు పెట్టినచోట ఏనాడూ అబద్ధం లేదు.

వచ్చే ఏప్రిల్ దాకా నేను సంతకం పెట్టగలిగేది ఈ ఒక్కచోటే. పైన రాసిందంతా నిజం.

నీ చిన్నకొడుకు,
బానోతు ఉపేందర్